ముప్పై లీటర్ల కోపం

“నీళ్ళున్నాయండీ ఇందులో.”

కొత్త టెస్టరు ఆ మాట మెల్లగానే అన్నాడు. కానీ సరిగ్గా అదే క్షణంలో వెనకాల కేన్ల చప్పుడు ఆగింది. పాల కేంద్రం ముందు వరసలో నిలబడ్డ ముప్పై మందికీ ఆ రెండు ముక్కలూ చక్కగా వినిపించాయి.

ఆమె హెల్మెట్ తీసింది.

“ఏమున్నాయి?”

“నీళ్ళు.”

“మళ్ళీ చెప్పండి.”

అతను మళ్ళీ చెప్పలేదు. పొడుగాటి గాజు గ్లాసులో తేలుతున్న లాక్టోమీటరు చూపించాడు. పాలు చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పలచగా ఉంటే మునుగుతుంది. దాని మీద గీతలు, గీతల పక్కన అంకెలు.

“ఇరవై ఏడు ఉండాలండీ. ఇరవై ఐదు కూడా చూపించట్లేదు. రూల్ ప్రకారం తీసుకోకూడదు.”

ఆమెకు వీధిలో సైరన్ అని పేరు. బస్సు డ్రైవరైన తండ్రి ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడు ఏడుపు విని పెట్టిన పేరది. ఇరవై నాలుగేళ్ళు వచ్చినా ఆ పేరు ఎందుకు పోలేదో కొత్త టెస్టరుకు ఆ పూట తెలిసింది.

“మా నాయనమ్మ పొయ్యడం మొదలుపెట్టినప్పుడు ఈ కేంద్రానికి పైకప్పు కూడా లేదు! చెట్టు కింద బల్ల వేసుకుని కొలిచేవాళ్ళు! అప్పట్నుంచి ఇప్పటిదాకా మా కేన్ వెనక్కొచ్చిన రోజు లేదు. మీరొచ్చి నాలుగు రోజులైంది, మమ్మల్ని దొంగల్ని చేస్తారా?”

“నేను మిమ్మల్ని ఏమీ అనలేదండీ. పాలను అన్నాను.”

“అంటే పాలు వాటంతటవే వెళ్ళి కుళాయి కింద కూర్చున్నాయా?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాలు కొనడానికి వచ్చిన బేకరీ ఆవిడ మాత్రం నవ్వలేదు. సైరన్ వాళ్ళమ్మకు స్నేహితురాలే ఆవిడ. “అందుకేనా మొన్న నా కస్టర్డ్ ఎంతసేపటికీ గట్టిపడనిది!” అనేసింది.

టెస్టరు అన్నదానికి ఆమెకు కోపం వచ్చింది. బేకరీ ఆవిడ అన్నదానికి మాత్రం మనసు నొచ్చుకుని ముఖం తిప్పుకుంది.

అతను రూల్ ప్రకారమే చిన్న సీసాలో ఆ పాలు శాంపిల్ పట్టి, చీటీ అంటించి, సంతకం పెట్టమన్నాడు. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టి, మూడు కేన్లూ మళ్ళీ స్కూటరుకు కట్టుకుని ఆమె వెనక్కి తిరిగింది. దగ్గర్లో ఇంకో కేంద్రం లేదు.

*

ఇంట్లో నాలుగు ఆవులు, రెండు పొయ్యిల స్టవ్వు, నడుమెత్తు ఫ్రిజ్జు ఉన్నాయి. ఫ్రిజ్జులో నిన్నటి పెరుగు, తల్లి వాడే మందులు. తండ్రి రెండు రోజుల డ్యూటీలో దూరం బస్సు తోలుతున్నాడు. తల్లి తెల్లారగానే పన్ను పీకించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. మిగిలింది నాయనమ్మ. వాకిట్లో ఆగిన స్కూటరును, దాని మీద నిండుగా తిరిగొచ్చిన మూడు కేన్లను ఆవిడ చూసింది.

“నీళ్ళు కలిపామట,” అంది మనవరాలు.

నాయనమ్మ కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత వెళ్ళి చేతులు కడుక్కొచ్చింది.

“ఏడవడానికి సాయంత్రం తీరిక ఉంటుంది. ముందు స్టవ్వు వెలిగించు. ఈ ఎండకి పన్నెండు దాటితే ఒక్క చుక్క దక్కదు.”

“నేను ఏడవట్లేదు. మండిపోతున్నాను.”

“మంచిదే. గ్యాసు కలిసొస్తుంది.”

ముప్పై లీటర్ల పాలు అనడానికి తేలికే. ఇంట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. ముందు అన్నీ కాచేయాలి. ఉన్న గిన్నెలన్నీ దింపారు. స్టవ్వు చాలక, పెరట్లో స్నానాల నీళ్ళు కాచే పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టారు. కాచినవాటిలో సగం గోరువెచ్చగా చల్లారగానే తోడు వేశారు. గిన్నెలు అయిపోయాక టిఫిన్ డబ్బాల్లో, ఆ తర్వాత తండ్రి డ్యూటీకి పట్టుకెళ్ళే ఫ్లాస్కులో కూడా తోడు వేశారు. ఒక గుండిగలో నిమ్మరసం పిండి విరగ్గొట్టి, పాత దిండు గలేబులో పోసి మూటకట్టి కుళాయికి వేలాడదీశారు. కారిన విరుగుడు నీళ్ళు బకెట్టుకు పట్టి ఆవులకే పోశారు.

“మీరిచ్చిందే, మీరే తాగండి. ఇంకెవరికీ అక్కర్లేదట,” అంది సైరన్ వాటితో.

ఇంకా పది లీటర్లు మిగిలాయి. పక్కింటి టైలరు ఇంట్లో నలుగురు పిల్లలు. కాచిన పాలు చెంబు నిండా తీసుకుని వెళ్ళింది. టైలరు భార్య ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, “వద్దులేమ్మా, ఇవాళ మాకు సరిపడా ఉన్నాయి,” అంది. గిన్నె వీపు వెనక్కి పెట్టుకుంది.

స్కూటరు కన్నా ముందే మాట వచ్చేసింది వీధిలోకి.

ఆమె చెంబుతో వెనక్కొచ్చి దాన్ని ఠపీమని బల్ల మీద పెట్టింది. “నాయనమ్మా, ఆ మనిషి ఇప్పుడు నా కళ్ళబడ్డాడో...”

గేటు చప్పుడైంది. ఆ మనిషే. సైకిలు దిగి, చెమటలు కక్కుతూ, జేబులోంచి శాంపిల్ సీసా తీస్తూ.

“ఇంకా ఏం మిగిలింది? ఇల్లు సోదా చేస్తారా? మా కుళాయిని అరెస్టు చేస్తారా?”

“తప్పు చేశానండీ.”

“ఏంటీ?”

“తప్పు చేశాను. మీ పాలు మంచివే.”

ఆమె చేతులు కట్టుకుంది. చెప్పమన్నట్టు చూసింది.

“రిపోర్టు రాద్దామని పదింటికి ఈ శాంపిల్ మళ్ళీ పెట్టి చూశాను. ఇరవై ఎనిమిది వచ్చింది.”

“సీసాలో కూర్చుని చిక్కబడ్డాయా?”

“చల్లబడ్డాయి. పాలు వేడిగా ఉంటే లాక్టోమీటరు మునిగిపోతుంది. ఇవాళ పితికిన వెంటనే తెచ్చారా?”

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. రోజూ పాలు వడకట్టి, కేన్లు నీళ్ళతొట్టిలో పెట్టి, టీ తాగి, అప్పుడు బయల్దేరుతుంది. ఇవాళ తల్లిని ముందు ఆస్పత్రి బస్సెక్కించాలని హడావిడి పడింది. పితకడం, కేన్లు కట్టడం, పరుగు.

“వేడెంతో చూసి అంకె సరిచేసుకోవాలండీ. థర్మామీటరు నా మోచేతి పక్కనే ఉంది. వరస పెద్దగా ఉందని తొందరపడ్డాను. మీ తప్పేం లేదు. పూర్తిగా నాదే.”

సైరన్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. పొద్దుట్నుంచి అతని కోసం ఒక్కొక్కటే ఏరి దాచిన తిట్లు బోలెడు ఉన్నాయి. మనిషి ఇంత త్వరగా ఒప్పేసుకుంటే అవన్నీ ఏం చేసుకోవాలి? ఇంట్లో పాలతో పాటు అవీ మిగిలిపోయాయి.

“అసలు మీకు ఉద్యోగం ఎవరిచ్చారు?” అంది, కనీసం ఒకటైనా ఖర్చు చేద్దామని.

“పాల మీదే డిప్లొమా చేశానండీ. రెండేళ్ళు.”

నాయనమ్మ అతన్ని ఎగాదిగా చూసి, చేతిలో గరిటె పెట్టింది. “డిప్లొమా ఉందిగా, రా. ఈ పది లీటర్లు చక్కెర వేసి ముద్దయ్యేదాకా మరిగించాలి. కలుపుతూ మాట్లాడు. అడుగంటిందంటే ఊరుకోను.”

అతను చొక్కా చేతులు మడిచి గుండిగ ముందు కూర్చున్నాడు. గరిటె పట్టుకోవడంలోనే తెలిసిపోయింది, ఆ మనిషి జన్మలో పొయ్యి దగ్గర నిలబడలేదని.

“పాలలో కొవ్వు శాతం మూడున్నర నుంచి...” అని ఏదో మొదలుపెట్టాడు.

“పాలు పొంగుతాయని చెప్పారా నీ డిప్లొమాలో?” అంది నాయనమ్మ.

“ఆఁ, ఉష్ణోగ్రత ఎక్కువైనప్పుడు...”

సుయ్‌మని పొంగి పొయ్యిలో పడ్డాయి. అతను గరిటె వదిలేసి ఎగిరి వెనక్కి దూకాడు. సైరన్ పరుగెత్తుకొచ్చి కట్టెలు వెనక్కి లాగింది. లాగుతూ లాగుతూ నవ్వేసింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“చూడండి, ఇప్పుడు నిజంగానే నష్టం చేశారు! కలపండి! ఆపకండి!”

మధ్యాహ్నానికి తల్లి వచ్చింది, బుగ్గ వాచి, నోట్లో దూది పెట్టుకుని. ఇంటినిండా పాల గిన్నెలు, పెరట్లో పరాయి కుర్రాడు, మసి చేతులతో గరిటె తిప్పుతూ. మాట్లాడే వీలు లేదు కాబట్టి కళ్ళతోనే అడిగింది. సైరన్ చెప్పింది. నెమ్మదిగా చెప్పడం ఆమెకు రాదు గనక టైలరు ఇంటిదాకా వినిపించేలాగే చెప్పింది.

“మరి ఇదంతా ఎలా సరిచేస్తారు?” అంది చివర అతని వైపు తిరిగి.

“రిపోర్టులో రాసేస్తానండీ.”

“రిపోర్టు ఎవరు చదువుతారు? మీరు నీళ్ళన్నది కాగితం మీద కాదు, ముప్పై మంది ముందు. ఎక్కడన్నారో అక్కడే చెప్పాలి.”

అతను గరిటె ఆపి ఆమెను చూశాడు. ఎండకీ పొయ్యి సెగకీ ఎర్రబడిన ముఖం, చెంప మీద ఎండిపోయిన పాలచుక్క. చూడాల్సినదాని కన్నా ఒక క్షణం ఎక్కువే చూశాడు.

“చెప్తాను. రేపు పొద్దున్నే, అందరి ముందూ.”

తల్లి ఒక చీటీ మీద ఏదో రాసి అతనికిచ్చింది. ‘గట్టిగా చెప్పు బాబూ. నీ గొంతు చిన్నది.’

సాయంత్రానికి ముప్పై లీటర్లలో పొంగిపోయినవి తప్ప చుక్క వృథా కాలేదు. గిన్నెల నిండా పెరుగు తోడుకుంది. మూటలో విరిగిన పాలు గట్టి దిమ్మయ్యాయి. గుండిగ అడుగున లేత గోధుమరంగులో తియ్యటి ముద్ద మిగిలింది. అతను వెళ్ళిపోయాక నాయనమ్మ అది నాలిక మీద వేసుకుని, “ఎక్కడా అడుగంటలేదు,” అంది. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన పొగడ్త ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

*

మర్నాడు సైరన్ నీలం డ్రెస్సు వేసుకుని పాలు తీసుకెళ్ళింది. పాలు పొయ్యడానికి ఎవరైనా ఇస్త్రీ డ్రెస్సు వేసుకుంటారా అని తల్లి అడగలేకపోయింది, నోట్లో ఇంకా దూది ఉంది కాబట్టి.

టెస్టరు కుర్చీలో కేంద్రం ఇన్‌ఛార్జి కూర్చుని ఉన్నాడు.

“ఆయనేరీ?”

“సెలవు. పాలు పొయ్యి, వెనక జనం ఉన్నారు.”

పాలు పరీక్ష నెగ్గాయి. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. వరసలో ఇద్దరు మాత్రం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఇవాళ జాగ్రత్తపడిందన్నట్టు నవ్వుకున్నారు.

“పారిపోయాడు!” అంది ఇంటికొచ్చి. “చెప్తానన్నాడు, చెప్పలేక పారిపోయాడు! నేను నమ్మాను చూడు, నన్ననాలి. డ్రెస్సు వేసుకుని మరీ వెళ్ళాను!”

“డ్రెస్సుకి పాలకి ఏం సంబంధమే?” అంది నాయనమ్మ.

సైరన్ ఖాళీ కేన్లు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

పది దాటాక బేకరీ ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చేతిసంచి అటూ ఇటూ తిప్పుతోంది.

“నా నోరు మంచిది కాదమ్మా. మొన్న కస్టర్డ్ గట్టిపడకపోవడానికి నేను పిండి తక్కువ వెయ్యడమే కారణం. నువ్వు మనసులో పెట్టుకోకు.”

“మీకిప్పుడెందుకు గుర్తొచ్చింది ఆంటీ?”

“ఆ టెస్టరు పిల్లాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ‘ఆ అమ్మాయి పాలలో నీళ్ళు లేవు, నేను వేడి చూడకుండా తప్పు చెప్పాను’ అని ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్తున్నాడమ్మా.”

“కేంద్రంలో చెప్తానన్నాడే!”

“ఇన్‌ఛార్జి చెప్పనివ్వలేదట. ‘మన మీటరు తప్పని నువ్వే ఒప్పుకుంటే రేపట్నుంచి ప్రతివాడూ మళ్ళీ చూడమంటాడు, నోరెత్తావంటే ఉద్యోగం ఉండదు’ అన్నాడట. ఈయన ఎత్తి తీరతానన్నాడట. అందుకే వారం రోజులు గడప తొక్కొద్దని పంపేశాడు.”

బేకరీ ఆవిడ మాట పూర్తయ్యేలోపే స్కూటరు వీధి మలుపు తిరిగింది.

వాన కూడా అప్పుడే మొదలైంది. ముందు నాలుగు చినుకులు అద్దం మీద పడి ఊరుకున్నాయి. రెండో మలుపు తిరిగేసరికి కుమ్మరించింది. నీలం డ్రెస్సు మెడ దాకా తడిసిపోయింది. మూడు వీధులు వెతికితే దొరికాడు. ఒక పెద్దాయన ఇంటి వరండాలో, గొడుగు లేకుండా, చేతిలో తడిసిన లిస్టుతో.

పెద్దాయనకు చెవుడు.

“ఆ పాలల్లో నీళ్ళు లేవండీ!” అంటున్నాడు టెస్టరు.

“నీళ్ళా? ఉన్నాయి బాబూ. లోపలికి రా, ఎన్నైనా తాగు.”

“అది కాదండీ, నీళ్ళు లేవు!”

“ఉన్నాయంటుంటే వినవేం?”

సైరన్ మెట్లెక్కింది. “తాతయ్యా! మా పాలు మంచివి! ఈయన తప్పుగా చెప్పారు! అది చెప్పడానికే వచ్చారు!”

ఎదురింటి కిటికీలు రెండు తెరుచుకున్నాయి. పెద్దాయన బోసినోటితో నవ్వాడు. “ఇదిగో, ఈ పిల్లని ముందే తెచ్చుకోవాల్సింది,” అన్నాడు టెస్టరుతో.

ఇద్దరూ వరండా అంచున నిలబడ్డారు, వాన చూస్తూ.

“నాకొక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది?” అంది ఆమె. “పొద్దుట్నుంచి మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో తెలుసా? అన్నీ వెనక్కి తీసుకోవాలి ఇప్పుడు!”

“మీరు పక్కనుంటే, మీరే బలవంతంగా చెప్పించారనుకుంటారు. అందుకే.”

“ఎన్ని ఇళ్ళయ్యాయి?”

“పంతొమ్మిది.”

“వారం రోజులు ఇంట్లో కూర్చోమన్నాడా? దేనికి, నిజం చెప్పినందుకా?”

“ఉంచినా ఉంచకపోయినా...”

“ఉంచకపోవడమేంటి! ఎవరనుకుంటున్నాడు అతను!” ఆమె గొంతు మళ్ళీ లేచింది. కిటికీల్లోని ముఖాలు వెనక్కి తగ్గలేదు, ముందుకొచ్చాయి. “మీరు మిగతా పదకొండు ఇళ్ళూ పూర్తి చెయ్యండి. రేపటి సంగతి నేను చూసుకుంటాను.”

పొద్దుటిదాకా ఆ కోపం అతని మీద ఉండేది. ఇప్పుడు అతని తరఫున లేచింది. ఆ తేడా అతనికి అర్థమైంది. కానీ పైకి మాత్రం, “మీరు పూర్తిగా తడిసిపోయారండీ,” అన్నాడు.

“తెలుసు! నాకు కళ్ళు లేవా!”

*

మర్నాడు పాల కేంద్రం ముందు ముప్పై మంది వరసగా నిలబడ్డారు. ఒక్క కేన్ మూత కూడా తెరుచుకోలేదు.

“మూతలు తియ్యండి, లారీ వచ్చేసింది,” అన్నాడు ఇన్‌ఛార్జి.

“టెస్టరు రావాలి,” అంది ముందు నిలబడ్డ సైరన్.

“నేను చూస్తానుగా?”

“మీకు కోపమొస్తే మా పాలకు నీళ్ళొస్తాయి. తప్పు చేస్తే ఇంటికొచ్చి ఒప్పుకునే మనిషి చూడాలి మా పాలు.”

“అవునవును,” అన్నాడు వెనక టైలరు బావమరిది. తనూ రెండావులు పెట్టుకున్నాడు. “నాకూ పోయిన నెలలో ఒకరోజు వెనక్కి పంపారు. అప్పుడు వేడి చూశారా?”

వరసంతా గొల్లుమంది.

ఇన్‌ఛార్జి నవ్వడానికి ప్రయత్నించాడు. “సరే, పట్టుకుపొండి. విరిగిపోయేది మీ పాలే.”

“ఒక్క చుక్క విరగనివ్వం. మా నాయనమ్మ పొయ్యిలు సిద్ధం చేసి కూర్చుంది. ముప్పై లీటర్లు ఒక్క పూటలో సర్దింది, అందరివీ సర్దుతుంది. మీ లారీ మాత్రం ఖాళీగా వెళ్తుంది. అక్కడ ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి.”

అది ఉత్త బెదిరింపు. అందరి పాలూ మరిగించాలంటే వీధిలో ఉన్న గిన్నెలన్నీ చాలవు. కానీ ఎవరూ మూత తియ్యలేదు. లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టేసరికి ఇన్‌ఛార్జి ఫోన్ తీశాడు.

పావుగంటలో సైకిలు వచ్చింది. టెస్టరు వరస ముందు నిలబడి, గొంతు సవరించుకుని, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాడు. “మొన్న ఈవిడ పాలలో నీళ్ళున్నాయన్నాను. లేవు. వేడి చూడకపోవడం నా తప్పు. ఇవాళ్టి నుంచి ప్రతి కేన్‌కీ ముందు థర్మామీటరు పెడతాను. అనుమానం ఉన్నవాళ్ళు మళ్ళీ చూడమనండి, చూస్తాను.”

మూతలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఆ చప్పుడులో ఆమె కళ్ళు తుడుచుకోవడం ఎవరూ గమనించలేదు. అతను గమనించాడు.

*

ఆ తర్వాత అతను ప్రతి ఆదివారం ఆ ఇంటికి వచ్చాడు. ఒక ఆదివారం, వేడికి అంకె ఎలా సరిచెయ్యాలో చేత్తో రాసిన పట్టిక తెచ్చి గోడకు అంటించాడు. తర్వాతి ఆదివారం పట్టిక వంకరగా ఉందని సరిచెయ్యడానికి వచ్చాడు. మూడోసారి దూడను చూడాలన్నాడు. నాలుగోసారి ఏ కారణమూ దొరక్క, దారిలో ఉందని వచ్చానన్నాడు. ఆ ఇల్లు ఏ దారిలోనూ లేదు.

అయిదో ఆదివారం తండ్రికి సెలవు. వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నాయనమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. పెరట్లో సైరన్ కేన్లు కడుగుతుంటే అతను కుళాయి పక్కన నిలబడ్డాడు.

“మీకో విషయం చెప్పాలండీ.”

ఆమె చెయ్యి ఆగింది. “చెప్పండి.”

“మీ పాలలో వెన్న శాతం... ఈ వారం బాగా పెరిగింది.”

కేన్ ఠంగుమని కింద పడింది.

“వెన్న! వెన్న కోసం వచ్చారా ఇంత దూరం! మా ఆవుల వెన్న మాకు తెలీదా! అన్ని గుమ్మాల ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నారే, ఈ ఒక్క ఇంట్లో ఒక్క మాట చెప్పడానికి ఇన్ని ఆదివారాలా? మనిషన్నవాడికి సిగ్గుండాలి! నేనెన్ని ఇస్త్రీ డ్రెస్సులు వేసుకోవాలి ఇంకా?”

అతను ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత ముఖమంతా వెలిగింది.

“మీరంటే నాకు ఇష్టం,” అన్నాడు. “మొదటి రోజు నన్ను తిట్టినప్పట్నుంచీ. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“ఏమన్నాడు?” వరండాలోంచి తండ్రి కేకేశాడు. “గట్టిగా చెప్పమను!”

“చెప్పాల్సిన మాటే చెప్పాడులే, నాకు వినిపించింది,” అంది నాయనమ్మ చిక్కుళ్ళ మీంచి తల ఎత్తకుండా. “కోడలా, ఆ అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ నంబరు తీసుకో. ఇప్పుడే తీసుకో, మళ్ళీ ఆదివారం దాకా ఆగకు.”

సైరన్ పడిపోయిన కేన్ తీసి నిలబెట్టింది. తలొంచుకునే, “చేసుకుంటాను,” అంది. తర్వాత తలెత్తింది. “కానీ ఇన్నాళ్ళు ఆగినందుకు కోపం అలాగే ఉంటుంది.”

“ఎన్నాళ్ళుంటుంది?”

“పెళ్ళయ్యేదాకా.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత కొత్తది మొదలవుతుంది. నిలబడి చూస్తారేంటి, ఆ రెండో కేన్ అందుకోండి!”